తోడేలు మనిషికి అరువిచ్చిన ముఖం

మా ఊరు వల్దెలోబోస్‌లో లియోకాదియో బెర్సాల్‌ను నీ పనేమిటని అడిగితే, పునీతుల విగ్రహాలు చెక్కుతానని చెప్పేవాడు. ఊళ్ళోవాళ్ళను అడిగితే, సినిమా రాక్షసులకు తలకాయలు చేస్తాడని చెప్పేవాళ్ళు. రెండూ నిజమే. కాకపోతే మొదటిది చెప్పేటప్పుడు లియోకాదియో నిటారుగా నిలబడేవాడు, రెండోది విన్నప్పుడు దగ్గేవాడు.

అందులో అతని తప్పేం లేదు. చెక్క మొద్దులోంచి ముఖం తీయడం, గాజు కళ్ళు అమర్చడం, చెంపలకు రంగు వేసి నిగనిగలాడేదాకా రుద్దడం, ఇదీ తండ్రి నేర్పిన విద్య. పదేళ్ళ కిందటి వరకు చేతినిండా పని ఉండేది. తర్వాత రోములో చర్చి పెద్దలందరూ కూర్చుని ఏవేవో మార్పులు చేశారు. కొత్తగా వచ్చిన కుర్ర ఫాదర్లు గోడలకు సున్నం కొట్టించి, విగ్రహాలు తగ్గితే భక్తి పెరుగుతుందన్నారు. భక్తి పెరిగిందో లేదో గానీ లియోకాదియో ఉలికి తుప్పు పట్టింది.

సరిగ్గా ఆ రోజుల్లోనే రాజధాని మాద్రిద్ నుంచి సినిమావాళ్ళు దిగారు. ఊరి బయట కూలిపోయిన మఠం ఒకటుంది. అక్కడి పొగమంచు, పాచి పట్టిన సమాధులు, గబ్బిలాలు, మా ఊరివాళ్ళకు కీళ్ళ నొప్పులు తెచ్చిపెట్టే సరంజామా మొత్తం వాళ్ళకు పైసా ఖర్చు లేని సెట్టింగు. ఏడాదికి మూడో నాలుగో భయం సినిమాలు తీసేవాళ్ళు. ఒక్కొక్కటి నాలుగు వారాలు, అంతే. రక్తం పీల్చే దొరసాని ఒకసారి, గుడ్డి సన్యాసుల శవాలు ఒకసారి, ఎప్పుడూ పున్నమికి తోడేలయ్యే ప్రభువు ఒకడు. వాళ్ళకు తలకాయలు కావాలి, లియోకాదియోకు పని కావాలి. అతని భార్య బెనిగ్నా చర్చిలో మరియమాతకు విగ్గులు అల్లేది. ఊరి ఆడవాళ్ళు మొక్కు తీర్చుకుని జడలు కోసి ఇస్తే, ఆ వెంట్రుకలు ఒక్కొక్కటీ సూదితో ముడివేయడం ఆమె విద్య. అదే సూదితో తోడేలు మనిషికి బొచ్చు కుట్టేది. ఒక్క షరతు మాత్రం పెట్టింది.

"మేక వెంట్రుకలైతేనే ఈ సూది ముట్టుకుంటా. మొక్కు జుట్టు ఒక్క పోగు ఆ దయ్యానికి అంటిందా, నా చేతులు పడిపోతాయి," అని సినిమావాళ్ళ ముఖం మీదే చెప్పేసింది.

లియోకాదియోకు మాత్రం ఈ తలకాయల పేరు అక్కర్లేదు. అతని గర్వమంతా ఒక తాళంచెవిలో ఉండేది. మా ఊరి పునీతుడు సాన్ గౌదెన్సియో, తోడేళ్ళను తరిమినవాడు. అంతర్యుద్ధం మొదట్లో పాత విగ్రహం తగలబడిపోతే, యుద్ధం అయ్యాక లియోకాదియో తండ్రి కొత్తది చెక్కాడు. ఏటా పండగ ముందురోజు పొద్దున ఆ విగ్రహం ఉన్న అద్దాల అర తెరిచి, తలుపులు మూసి, పునీతుడి ముఖం కడుగుతారు. ఆ ముఖాన్ని తాకేది బెర్సాల్ ఇంటి చెయ్యి ఒక్కటే. ఫాదర్ కూడా తాకడు. భక్తసంఘం పెద్ద పళ్ళెం పట్టుకుని నిలబడాలి, అంతే. తండ్రి పోయాక ఆ తాళంచెవి లియోకాదియో నడుముకు వచ్చింది. స్నానానికి కూడా తీసేవాడు కాదని బెనిగ్నా వేళాకోళం చేసేది.

భక్తసంఘం పెద్ద ఎవరంటే దోన్యా ఒబ్దూలియా, మందుల దుకాణం ఆయన విధవ. ఎప్పుడూ నల్లబట్టలు, ముడిచిన పెదాలు. ప్రార్థనలో దగ్గినవాళ్ళ పేర్లు కూడా గుర్తుపెట్టుకునే మనిషి. పెళ్ళై తెరువేల్ పట్నం అవతలి ఏదో పల్లె నుంచి వచ్చిన రోజు నుంచీ ఆవిడ నవ్వగా చూసినవాళ్ళు లేరు.

డెబ్బై మూడు జనవరిలో దర్శకుడు దోన్ అమాన్సియో మంచు దులుపుకుంటూ పనిగదిలోకి వచ్చాడు.

"లియోకాదియో, బుధవారానికి నాకో తోడేలు మనిషి కావాలి. రెండు ముఖాలు చెయ్. ఒకటి పాడైతే ఇంకోటి."

"ఇవాళ ఆదివారం గదా దోన్ అమాన్సియో! పోయినసారి చేసినవి ఏమయ్యాయి?"

"ఒకటి పొయ్యి దగ్గర పెట్టారు, కరిగిపోయింది. ఇంకోటి కుక్క ఎత్తుకుపోయింది."

బెనిగ్నా మేకతోలు దులుపుతూ అడిగింది. "ఈసారి తోడేలుది ఏ దేశం?"

"పోలండేనమ్మా. మన దేశంలో తోడేలు మనుషులు పుట్టరని పైన సెన్సారు బోర్డువాళ్ళు తేల్చేశారు. మనవాడని రాస్తే కథ వెనక్కి కొడతారు."

"మా తమ్ముణ్ణి చూసి ఉండరులే," అంది బెనిగ్నా.

లియోకాదియో ఆ సాయంత్రమే బంకమట్టితో ముఖం దిద్దాడు. దాని మీద ప్లాస్టర్‌తో అచ్చు తీసి, ఆ అచ్చులో రబ్బరు పాలు పోస్తే ముసుగు వస్తుంది. అయితే ఆ ఏడు చలి మామూలు చలి కాదు. పొద్దున లేచి చూస్తే మట్టిలో నీళ్ళు గడ్డకట్టి, తోడేలు నుదుటి నుంచి గడ్డం దాకా రెండు చెక్కలుగా పగిలి ఉంది. సోమవారం మళ్ళీ చేశాడు. మంగళవారం మళ్ళీ పగిలింది. వీధిలోంచి దోన్ అమాన్సియో మనిషి వచ్చి, జరగోసా నుంచి తోడేలు వేషం కట్టే మల్లయోధుడు మమేర్తో దిగేశాడనీ, ముఖం లేక ఊరికే కూర్చుని భోజనాలు లాగిస్తున్నాడనీ చెప్పి వెళ్ళాడు.

లియోకాదియో తల పట్టుకుని కూర్చున్నాడు. అప్పుడు అతని చూపు పై అర మీద పడింది. అక్కడ గోనెలో చుట్టి తండ్రి దాచిన ప్లాస్టర్ అచ్చు ఒకటుంది. మళ్ళీ ఎవరైనా విగ్రహాన్ని తగలబెడితే పనికొస్తుందని, సాన్ గౌదెన్సియో ముఖానికి తండ్రి తీసిపెట్టిన అచ్చు అది.

ఛీ ఛీ అనుకుని చూపు తిప్పుకున్నాడు. తర్వాత మళ్ళీ చూశాడు. మీద అంగుళం మందాన మేక బొచ్చు పడుతుంది, కోరలు పడతాయి, నల్లరంగు పడుతుంది. కిందున్నది పునీతుడైతేనేం, పన్నులు వసూలు చేసేవాడైతేనేం? పైగా ఈ సినిమా జర్మనీకీ బెల్జియంకీ అమ్ముడుపోయేదే తప్ప మన పల్లెలకు రాదని అమాన్సియో ఎన్నిసార్లు చెప్పలేదు! ఇలా తనకు తాను నచ్చజెప్పుకుని, తలుపు గడియ పెట్టి, శిలువ గుర్తు వేసుకుని, అచ్చులో రబ్బరు పాలు పోశాడు. భార్యకు చెప్పలేదు. బుధవారానికి రెండు తోడేలు ముఖాలు సిద్ధమయ్యాయి. దోన్ అమాన్సియో చూసి, "ఇన్నాళ్ళు చేసినవాటిలో ఇదే గొప్పది. ఏదో జాలి ఉందయ్యా దీని ముఖంలో," అన్నాడు. లియోకాదియో దగ్గాడు.

ఆ నెలంతా ఊరికి ఊరే సినిమాలో వేషాలు కట్టింది. కాగడాలు పట్టుకుని తోడేలును తరిమే జనం మావాళ్ళే. కసాయి భార్య పెట్రా మూడుసార్లు కేక వేసింది. ఫాదర్ ఎలాదియో గాడిదను అరువిచ్చాడు. నెల తిరిగేసరికి సినిమావాళ్ళు వెళ్ళిపోయారు, లియోకాదియో అచ్చును గోనెలో చుట్టి పైకెక్కించాడు.

సెప్టెంబరులో, పండగకు నాలుగు రోజుల ముందు, కూడలిలో పోస్టరు పడింది. మన ఊరి సినిమా, మన ఊరి మనుషులు, ఆదివారం మధ్యాహ్నం ఆట, అని హాలు యజమాని పెద్ద అక్షరాలతో రాయించాడు. ఆదివారం ఆట, సోమవారం పునీతుడి ముఖం కడగడం, మంగళవారం పండగ. లియోకాదియో ఆ పోస్టరును మూడుసార్లు చదివాడు.

ఆ పూట పప్పుచారు ముందు కూర్చుని, చెంచా ముట్టుకోకుండా, భార్యకు అంతా చెప్పేశాడు.

"ఏ అచ్చు?" అంది బెనిగ్నా.

"నాన్న అచ్చు."

"పునీతుడి అచ్చా!" ఆమె చేతిలోని తువ్వాలు బల్ల మీద ఫట్‌మని కొట్టింది. "మొక్కు జుట్టు తగిలితే పాపమని నేనిక్కడ మేక వెంట్రుకలు ఏరుకుంటూ కూర్చుంటే, నువ్వు ఏకంగా పునీతుడి మొహాన్నే ఊడదీసిచ్చావా? ఏం మనిషివయ్యా నువ్వు!"

"బొచ్చు కింద కనపడదే."

"ముక్కు కనపడదూ?"

 సాన్ గౌదెన్సియో ముక్కు ఎడమవైపుకు కాస్త ఒరిగి ఉంటుంది. తోడేలు పంజా తగిలి అలా అయిందని ఊళ్ళో పసిపిల్లలకు కూడా కథ తెలుసు. పునీతుడి ముక్కంటే మా ఊరి ముక్కే.

"తాళంచెవి తీసేసుకుంటారు," అన్నాడు లియోకాదియో. "తీసుకోవాలి కూడా. నాన్న పైనుంచి చూస్తూ ఉంటాడు."

బెనిగ్నాకు కోపం అక్కడే ఆగిపోయింది. పప్పుచారు మళ్ళీ వేడిచేసి తెచ్చి, "తినవయ్యా. ఉరిశిక్ష పడినవాడికి కూడా అన్నం పెడతారు," అంది.

ఆదివారం హాలు కిటకిటలాడింది. లియోకాదియో వెనక వరుసలో, తేలు కుట్టిన దొంగలా, నోరెత్తకుండా కూర్చున్నాడు. రెండు వరుసల ముందు దోన్యా ఒబ్దూలియా నల్ల ముసుగు. సినిమాలు చూడని ఆవిడ ఎందుకొచ్చిందంటే, పండగ ముందు ఊరివాళ్ళు ఏం పాడు వేషాలు వేశారో చూద్దామని వచ్చింది. పక్కన ఫాదర్ ఎలాదియో, పేర్లు పడుతుండగానే నిద్రపోయాడు.

తోడేలు మనిషి తెరమీదికి వచ్చాడు. లియోకాదియో కళ్ళకు బొచ్చు లేదు, కోరలు లేవు. ముక్కు ఒక్కటే, హాలంత ముక్కు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు, అతను తన ముక్కును చేత్తో కప్పుకున్నాడు.

కానీ ఎవరు చూస్తున్నారు తోడేలును?

"అదిగో అదిగో, నా చెయ్యి! కాగడా పట్టుకున్నది నేనే!"

"నీ చెయ్యి కాదు, అది మా ఆయనది. గోరు నల్లగా లేదూ?"

"ఓరి నాయనో, నా గాడిద!" అన్నాడు ఫాదర్, గాడిద ఓండ్ర వినపడి నిద్రలోంచి లేచి. మళ్ళీ పడుకున్నాడు.

పెట్రా కేక వచ్చేసరికి హాలు గొల్లుమంది. ఈ సినిమాలకు మాటలు తర్వాత మాద్రిద్‌లో వేరేవాళ్ళు చెబుతారు. బండరాయిలాంటి పెట్రా నోట్లోంచి సన్నటి దొరసాని గొంతు వచ్చింది. "అది నేను కాదు! నా గొంతు దొంగిలించారు!" అని ఆమె లేచి నిలబడింది. "కూర్చోవే, మాకు తోడేలు కనబడట్లా," అన్నారు వెనకనుంచి. అది అబద్ధం. తోడేలు ఎవరికీ అక్కర్లేదు. లియోకాదియో గుండెలో బరువు మెల్లమెల్లగా దిగసాగింది. ఇంకో పది నిమిషాలు, అంతే.

అప్పుడు వచ్చింది చివరి దృశ్యం. అది అతనికి తెలియదు. సినిమావాళ్ళు ఇలాంటివి రెండు రకాలుగా తీస్తారు. బయటి దేశాలకు ఒకటి, మనకు ఒకటి. మన దాంట్లో నాయిక మెడదాకా శాలువా కప్పుకుని పడుకుంటుంది, చివర్లో రాక్షసుడికి మంచి చావు వస్తుంది. లేకపోతే బోర్డువాళ్ళు ఒప్పుకోరు. ఆ మంచి చావు తీసే రోజుకు ప్రభువు వేషం కట్టిన నటుడు వేరే సినిమాకు వెళ్ళిపోయాడు. దోన్ అమాన్సియో ఏం చేశాడంటే, రెండో ముసుగుకు బొచ్చు పీకేసి, కోరలు తీసేసి, రంగు తుడిపించి, మమేర్తోకు తగిలించి పడుకోబెట్టాడు. శాపం వీడి మనిషి రూపం వచ్చిందన్నమాట. ప్రభువు ముఖానికీ ఈ ముఖానికీ పోలికే లేదని ఎవరికీ తట్టలేదు.

తెర నిండా మంచులో పడుకుని ఉన్నాడు సాన్ గౌదెన్సియో. ఒరిగిన ముక్కు, గడ్డం మీద గుంట, కొంచెం తెరిచిన పెదాలు. కళ్ళు మాత్రం గాజువి కావు, తడిగా ఉన్నాయి, ఆకాశంలోకి చూస్తున్నాయి. నాయిక మోకాళ్ళ మీద కూర్చుని, "ఇక నిద్రపో, అలిసిపోయావు," అని అరచేత్తో ఆ కళ్ళు మూసింది.

హాల్లో గుసగుస ఆగిపోయింది. ఎవరో ముసలమ్మ శిలువ గుర్తు వేసుకుంది. ఎందుకు వేసుకుందో ఆమెకే తెలియకపోవచ్చు. లియోకాదియో మాత్రం ఒక్కళ్ళనే చూస్తున్నాడు. దోన్యా ఒబ్దూలియా భుజాలు వణికాయి. దీపాలు వెలగకముందే ఆవిడ లేచి, ఎవరి ముఖమూ చూడకుండా బయటికి వెళ్ళిపోయింది.

సోమవారం పొద్దున లియోకాదియో తెల్లచొక్కా తొడుక్కుని, మురికి రుద్దడానికి దూది, రొట్టె లోపలి మెత్తన పట్టుకుని చర్చికి వెళ్ళాడు. వాటితో ఈసారి పనిలేదని తెలిసినా అలవాటుగా పట్టుకెళ్ళాడు. నడుము నుంచి తాళంచెవి విప్పుతుంటే ముడి రాలేదు. బెనిగ్నా కత్తెరతో కోసి ఇచ్చింది.

లోపల దోన్యా ఒబ్దూలియా పళ్ళెంలో నీళ్ళు పట్టుకుని సిద్ధంగా ఉంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి. పక్కనే ఫాదర్ ఎలాదియో నిలబడి ఉన్నాడు.

"ఫాదర్, మీరు వెళ్ళి పూలు చూసుకోండి," అంది. ఫాదర్ బతుకుజీవుడా అని వెళ్ళిపోయాడు. ఆవిడ తలుపు మూసింది.

లియోకాదియో తాళంచెవిని బల్లమీద పెట్టాడు. "మీరు అడక్కముందే ఇచ్చేస్తున్నానమ్మగారూ. తప్పు నాదే. మట్టి పగిలిపోయింది, టైము లేదు, అయినా నేనా పని చేసి ఉండకూడదు. మా ఆవిడకేం తెలీదు. ఈ ముఖాన్ని ముట్టుకునే అర్హత నాకు లేదు."

"అయిపోయిందా?"

"అయిపోయిందండి."

"అయితే విను. ఆ ముక్కు అలా ఎందుకుందో తెలుసా నీకు?"

"తోడేలు పంజా..."

"తోడేలూ లేదు, నా మొహమూ లేదు. నేను విరగ్గొట్టాను. నాకు ఏడేళ్ళప్పుడు. పరిగెత్తుకొస్తున్నాడు, తలుపు వేసేశాను." ఆవిడ పళ్ళెం కింద పెట్టింది. "మా తమ్ముడు, నికాసియో. ముప్పై ఎనిమిదిలో ఎబ్రో నది దగ్గర పోయాడు. ఏ పక్కనున్నాడో అడక్కు. గెలిచిన పక్కనుంటే, పేరు ఈ చర్చి గోడమీదే చెక్కించేదాన్ని."

 తండ్రి ఆ విగ్రహం చెక్కినప్పుడు లియోకాదియో సైన్యంలో ఉన్నాడు. తిరిగొచ్చేసరికి విగ్రహం అద్దాల వెనక నిలబడి ఉంది. ముక్కు గురించి ఎవరడిగినా తండ్రి నవ్వి ఊరుకునేవాడు.

"మా ఆయనకు తెలిస్తే ఇంట్లో ఫోటో కూడా ఉంచనిచ్చేవాడు కాదు," అంది ఒబ్దూలియా. గొంతు బాగా తగ్గించింది, ఇప్పటికీ. "ఏడవడానికి కూడా లేదు. ఎవరికోసమని అడిగితే ఏం చెప్పను? ఒకరోజు మీ నాన్న దగ్గరికెళ్ళి ఫోటో ఇచ్చాను. ఎక్కడైనా, ఏ మూలనైనా, ఏ దేవదూతల గుంపులోనైనా వీడి మొహం పెట్టమన్నాను. ఆ మహానుభావుడు ఏం చేశాడో చూశావా? ఊరందరిచేతా మోకరిల్లించాడు. ఫోటో కాల్చేశాడు. చచ్చేదాకా నోరు విప్పలేదు."

"నాక్కూడా చెప్పలేదమ్మగారూ."

"చెప్పడు. మాటిచ్చాడు." ఆవిడ చేతిరుమాలుతో కాదు, చేతివేళ్ళతోనే కళ్ళు తుడుచుకుంది. "ముప్పై అయిదేళ్ళు, లియోకాదియో. శవం రాలేదు. ఏ గుంటలో ఉన్నాడో తెలీదు. పడుకుంటే ఒకటే కనపడేది, వాడు కళ్ళు తెరుచుకుని అలాగే పడున్నట్టు. ఇక్కడికొస్తే మీ నాన్న పెట్టిన గాజు కళ్ళు, అవీ తెరిచే. వాడి కళ్ళు మూసే దిక్కు లేకపోయిందే అనుకునేదాన్ని. నిన్న ఆ పిల్ల మూసింది. ఎంత నెమ్మదిగా మూసింది, చూశావా? రాత్రి ఇంటికెళ్ళి పడుకున్నాను, తెల్లారేదాకా మెలకువ రాలేదు."

లియోకాదియో ఏడ్చాడు. తాళంచెవి పోదని అర్థమై కొంత, తండ్రి మీద ప్రేమ పొంగి కొంత. గుండెల మీద కొండ దిగితే కళ్ళల్లోంచే దిగుతుంది మరి.

"తీసుకో అది," అంది ఆవిడ, తాళంచెవి చూపించి. "ఇంకెవరికీ తెలియనక్కర్లేదు. తోడేలు పంజా కథే బాగుంది."

అతను అద్దాల తలుపు తెరిచాడు. రొట్టె మెత్తనతో నుదురు రుద్దాడు, చెంపలు రుద్దాడు. దూది తడిపి, ముక్కు దగ్గరికి వచ్చేసరికి చెయ్యి ఆగింది. ఎనభై ఏళ్ళుగా మా ఊళ్ళో పాత విగ్రహాన్నైనా కొత్త విగ్రహాన్నైనా బెర్సాల్ చెయ్యి తప్ప మరో చెయ్యి తాకలేదు. లియోకాదియో దూదిని ఆవిడ వైపు చాచి, పళ్ళెం తను అందుకున్నాడు.

ఒబ్దూలియా ఆ ఒరిగిన ముక్కును చాలాసేపు తుడిచింది. తుడవడానికి అక్కడ మురికేం లేదు. చివరికి దూది పళ్ళెంలో వేసి, "ఇవాళ కూడా ఆట ఉందా?" అని అడిగింది.

"ఉందండి, నాలుగింటికి."

"నాకూ ఒక సీటు పట్టి ఉంచు. మీ ఆవిడ పక్కన. మొదటి సగమంతా భయమేసి కళ్ళు మూసుకునే ఉన్నాను," అంది. అప్పుడు ఆవిడ నవ్వడం మొదటిసారి చూశాడు లియోకాదియో. ముందు పళ్ళ మధ్య చిన్న సందు ఉంది.